వెళ్ళడం, పోవడం

ఇంగ్లిష్‌లో పిల్లలు అందరికంటే ముందు నేర్చుకునే క్రియల్లో 'గో' ఒకటి. ముప్ఫై ఏళ్ళు ఆ భాష పాఠం చెప్పిన నాకు దాని గురించి ఆలోచించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. రిటైరవడానికి రెండేళ్ళ ముందు, నరసరావుపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి అనువాదం పీరియడ్‌లో లేచి అడిగింది: "మేడం, షి వెంట్ అంటే వెళ్ళింది అని రాయాలా, పోయింది అని రాయాలా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "వెళ్ళింది అని రాయమ్మా. పోయింది అంటే చచ్చిపోయిందనుకుంటారు" అన్నాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "మా అమ్మ రోజూ పనికి పోద్ది కదండీ" అంది.

ఆ రోజు నేనేదో సర్ది చెప్పి పాఠం ముగించాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. 'గో'కి భూతకాలం కూడా సొంతది కాదు, 'వెండ్' అనే వేరే క్రియ దగ్గర అరువు తెచ్చుకున్న 'వెంట్' అది. అరువు సంగతి అలా ఉంచితే, ఆ మాటకి వెళ్ళేది ఆడో మగో పట్టదు, ఏ కులమో పట్టదు, తిరిగొస్తారా రారా అన్నదీ పట్టదు. తెలుగులో ఇవన్నీ పడతాయి. మా గుంటూరు వైపు ఇళ్ళలో గడప దాటేవాళ్ళు "వెళ్తున్నా" అని కూడా అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి. పిల్లలు "పోతున్నా" అంటే నోటి మీద కొడతారు. అదే మార్కాపురం, గిద్దలూరు దాకా వస్తే "నాయన ఒంగోలు పోయినాడు" అన్నది మామూలు మాట. రాయలసీమలో, తెలంగాణలో సరేసరి. అంటే 'పోవడం'లో వినపడే చావు తెలుగు భాష మొత్తానిది కాదు. మా ప్రాంతానిది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే మా ప్రాంతంలో భూములున్న ఇళ్ళది. ఆ అమ్మాయి వాళ్ళమ్మ మా జిల్లాలోనే, మా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే, రోజూ పనికి పోతూనే ఉంది.

మాది నల్లరేగడి మీద పత్తీ మిరపా పండించే రైతు కుటుంబం. మా నాన్నకి ఒక చెల్లెలు ఉండేది. నా చిన్నప్పుడు ఫోటోలో చూసి "ఈమె ఎవరు?" అని అడిగితే నాయనమ్మ "మీ మేనత్త. అది పోయింది" అంది. ఆరేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి? చనిపోయిందనుకున్నాను. ఫోటోకి దండ ఎందుకు వేయలేదో, తద్దినం ఎందుకు పెట్టరో అడగాలని తోచలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో, పెద్దమ్మ కొడుకు పెళ్ళిలో వంటల దగ్గర ఆడవాళ్ళ మాటల్లో తెలిసింది, ఆమె ఖరగ్‌పూర్‌లో నర్సుగా పని చేస్తోందని.

మొగుడు వదిలేస్తే పుట్టింటికి చేరిన మనిషి ఆమె. నాలుగేళ్ళు వదినల కింద చాకిరీ చేసి, ఒకరోజు తెల్లవారుజామున చేతిసంచీతో గుంటూరు బస్సెక్కి నర్సు ట్రైనింగులో చేరింది. ఒంటరిగానే వెళ్ళింది. అయినా ఊళ్ళో "లేచిపోయింది" అన్నారు. లేచిపోవడానికి పక్కన ఒక మగవాడు ఉండాలి కదా, ఎవడితో అని ఎవరూ అడగలేదు. ఎవడో ఉండే ఉంటాడు అనుకున్నారు. ఆడమనిషి తనంతట తాను లేచి నడిచి వెళ్ళడానికి మా వాళ్ళ దగ్గర క్రియ లేదు. ఆడవాళ్ళు వెళ్ళరు. వాళ్ళని అత్తారింటికి పంపుతారు, పురిటికి తీసుకొస్తారు, మళ్ళీ దించి వస్తారు. మా అమ్మ తన పెళ్ళి సంగతి చెప్పిన ప్రతిసారీ "నన్ను దింపి మా అన్న వెళ్ళిపోయాడు" అనేది. ఆ వాక్యంలో వెళ్ళినవాడు మా మావయ్య. అమ్మ సామానులా దిగింది, అంతే.

మా మేనత్తని నేను నాలుగుసార్లు చూశాను. 2009లో ఖరగ్‌పూర్ నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్తే నేను ఊరికి ఫోన్ చేశాను. "అత్త పోయింది" అన్నాను. అవతల మా పెదనాన్న కొడుకు ఒక క్షణం ఆగి, "అది ఎప్పుడో పోయిందిగా" అన్నాడు. వాడు కావాలని క్రూరంగా అన్నాడనుకోను. వాడికి నిజంగానే అర్థం కాలేదు.

ఇక చరిత్రకి వస్తాను. మా ప్రాంతపు చరిత్రలో 'వెళ్ళడం' అనగానే గుర్తొచ్చేది చీరాల. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలని కలిపి మున్సిపాలిటీ చేసింది. అంతవరకు ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్నుల భారం 40 వేలకి పెరిగింది. నేతగాళ్ళూ చిన్న రైతులూ ఎక్కువగా ఉన్న ఊరు, కట్టలేమన్నారు. ఎడింబరోలో చదువుకొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని తయారుచేసి ఉద్యమం నడిపాడు. 1921 ఏప్రిల్‌లో, బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగిశాక, గాంధీ చీరాల వచ్చాడు. మున్సిపాలిటీ ఎల్లలు దాటి బయటికి వెళ్ళిపోతే పన్ను అడిగే హక్కే ఉండదు కదా అన్న ఆలోచన అప్పుడు గట్టిపడింది. 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఇళ్ళకి తాళాలు వేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండల్లో, ఆ తర్వాత వానల్లో, సుమారు 11 నెలలు అక్కడే ఉన్నారు.

ఇది నిజంగా గొప్ప సంగతి. నేను తక్కువ చేయడం లేదు. కానీ ఈ కథని మనకి చెప్పిన పుస్తకాల్లో క్రియల్ని చూడండి. ప్రజలు తరలి వెళ్ళారు, ఊరు విడిచి వెళ్ళారు, కుటుంబాలతో సహా వెళ్ళారు. 'కుటుంబాలతో సహా' అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. 13 వేల మందిలో సగం మంది ఆ 'సహా'లో ఉన్నారు. పొయ్యి, రోలు, ఆవకాయ జాడీ, పురిటి మంచం, మగ్గం దగ్గర నూలు చుట్టే రాట్నం, ఇవన్నీ ఊరి బయటికి మోసుకెళ్ళి 11 నెలలు పాకలో కాపురం నడిపించడం ఎవరి పనో మనకి తెలుసు. ఆడవాళ్ళు కర్తగా నిలబడే వాక్యం నాకు కనిపించింది ఒకే చోట. పన్ను కట్టనందుకు జైలుకి వెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ ఉంది. అంటే ఆమె తనంతట తాను వెళ్ళిందని చరిత్ర ఒప్పుకోవడానికి జైలు గుమ్మం కావాల్సి వచ్చింది.

గోపాలకృష్ణయ్య అరెస్టయ్యాడు, ఉద్యమం సన్నగిల్లింది, జనం చివరికి చీరాలకి తిరిగొచ్చారు. అది ఓటమి అని కొందరు రాశారు. నాకు కనిపించేది ఇంకో సంగతి. వాళ్ళకి తిరిగి రావడానికి ఇళ్ళున్నాయి. తాళాలు వేసిన ఇళ్ళు తాళాలతోనే ఉన్నాయి. వాళ్ళు వెళ్ళొచ్చారు.

అదే చీరాలకి 64 ఏళ్ళ తర్వాత ఇంకో ఊరి జనం నడిచొచ్చారు. కారంచేడుకీ చీరాలకీ మధ్య పది కిలోమీటర్లు కూడా ఉండదు. 1985 జూలై 16న మాదిగపల్లె వాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువులోకి కుడితి నీళ్ళు వెళ్తున్నాయని అభ్యంతరం చెప్పిన కుర్రాడి మీద కమ్మ యువకులు చెయ్యి చేసుకోబోతే, నీళ్ళకి వచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డుకుంది. తెల్లారి, జూలై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు పొలాలకి అడ్డంపడి చీరాల చేరారు. ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. ఇదంతా ఈ పత్రిక చదివేవాళ్ళకి తెలిసినదే.

నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా ఇంట్లో ఆ రోజుల్లో విన్న మాట "పారిపోయారు". సానుభూతితో అన్నవాళ్ళూ అదే అన్నారు, ఎగతాళిగా అన్నవాళ్ళూ అదే అన్నారు. నేను బయట కోపంగా మాట్లాడాను గాని, ఇంట్లో ఆ మాటని సరిదిద్దలేదు. సరిదిద్దాలని తట్టలేదు అనడం ఇంకా నిజం. 1990ల్లో ఒక సెమినార్ కోసం కోస్తా జిల్లాల దళిత స్త్రీల గురించి ఇంగ్లిష్‌లో పేపరు రాస్తూ, సువార్తమ్మ గురించి రెండు పేరాలు రాసి, ఆ తర్వాత దళితులు చీరాలకి 'ఫ్లెడ్' అని రాశాను. ఆ పేపరు అచ్చయింది కూడా. కొన్నేళ్ళకి మా కాలేజీలోనే చదువుతున్న ఒక విద్యార్థిని, వాళ్ళమ్మమ్మది కారంచేడు, ఆ పేపరు జిరాక్సు పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. గౌరవంగానే అడిగింది. "మేడం, మావాళ్ళు పారిపోయింది ఒక్క రోజు. తర్వాత ఊరికి తిరిగి రమ్మని ఎంతమంది పిలిచినా వెళ్ళలేదు. ఒక్క రోజుది రాశారు, మిగతాది రాయలేదేం?"

ఆమె అడిగింది నిజం. ప్రాణాలు దక్కించుకోవడానికి చీరాల చేరినవాళ్ళు, అక్కడి శిబిరంలో కూర్చుని, కారంచేడుకి తిరిగి వెళ్ళేది లేదని తేల్చి చెప్పారు. చీరాలలోనే స్థలాలూ ఇళ్ళూ కావాలన్నారు, సాధించుకున్నారు. ఆ కాలనీ ఇప్పటికీ ఉంది. తరతరాలుగా తమ పొలాల్లో పని చేసిన చేతులు ఇక రావన్నది కారంచేడు భూస్వాములకి తగిలిన దెబ్బ. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది, కానీ ఆ తీర్పు కంటే ఇరవై ఏళ్ళ ముందే ఆ పల్లె ఒక తీర్పు ఇచ్చేసింది. రామనగర్ వాళ్ళు ఊరు వదిలితే మహాప్రస్థానంలా రాసిన మనం, వీళ్ళు ఊరు వదిలితే పరుగు అన్నాం. మొదటివాళ్ళు తిరిగొచ్చారు, రెండోవాళ్ళు రాలేదు. రాకపోవడమే వాళ్ళ పోరాటం. అది నాకు కనపడలేదంటే ఇంగ్లిష్ రాక కాదు. మా ఇంటి తెలుగు నా ఇంగ్లిష్‌లోకి నాకు తెలియకుండానే వచ్చేసింది.

ఒక మాటకి బదులు ఇంకో మాట వాడితే ఏమవుతుందో గుంటూరుకి ఎప్పుడో తెలుసు. 1832-33 నందన నామ సంవత్సరపు కరువులో జిల్లా జనాభాలో దాదాపు మూడో వంతు మరణించిందని లెక్క కట్టారు. మద్రాసు బాట పట్టి నడుస్తూ దారిలోనే కూలిపోయినవాళ్ళు లెక్కలేనంత మంది. అప్పుడు గుంటూరులో ఉద్యోగంలో ఉన్న సి.పి.బ్రౌన్, పైవాళ్ళకి నచ్చకపోయినా తన ఉత్తరాల్లో దాన్ని కరువు అనే రాశాడు. ఆ బ్రౌనే తర్వాత, 1852లో, తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చు వేశాడు. అందులో 'పోవు' వెళ్ళడానికీ నశించడానికీ రెండింటికీ ఉంది.

'వెళ్ళు' గురించి కూడా ఒక సంగతి. ఇది మర్యాద మాట అనుకుంటాం కదా. 'వెడలు' నుంచి వచ్చిన మాట ఇది, బయటపడడం అని అర్థం. ద్రావిడ భాషల ధాతువుల్ని వెతికినవాళ్ళు వెళ్ళు, వెడలు, వెలుపల, వెలి అన్నిటినీ ఒకే కుదురు కింద చూపిస్తారు. వెలి వేయడంలోని వెలి, వెలివాడలోని వెలి. మా నాయనమ్మ నోట మంగళకరంగా వినిపించిన "వెళ్ళి రా"లో, ఊరి బయట పెట్టిన పల్లె కూడా ఉందన్నమాట. ఇది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేదు.

చుండూరు గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులని చంపారు. బతికినవాళ్ళు తెనాలి చేరారు. కోర్టుకి మేం ఊరూరా తిరగం, కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టారు. వచ్చింది కూడా. నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు విచారణ జరిపి 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కోర్టు ఊరికి వచ్చి, వెళ్ళిపోయింది. (ఈ ఊళ్ళన్నీ, చీరాల, కారంచేడు, చుండూరు, 2022 నుంచి కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి. చీరాల మనుషులు కదలకుండానే గుంటూరు జిల్లా నుంచి 1970లో ఒంగోలు జిల్లాకి, తర్వాత ప్రకాశం అని పేరు మారిన అదే జిల్లా నుంచి బాపట్లకి వెళ్ళారు.)

మగవాళ్ళు ఇల్లు వదిలితే దానికి సంస్కృతం ఉంది. సిద్ధార్థుడు పెళ్ళాన్నీ పసివాడినీ నిద్రలో వదిలి అర్ధరాత్రి గుర్రమెక్కితే అది మహాభినిష్క్రమణం. ఆ ఘట్టాన్ని మా జిల్లా అమరావతి శిల్పులు ఎంత అందంగా చెక్కారో చూడాలంటే ఇప్పుడు లండన్ వెళ్ళాలి. మా మేనత్త ఎవరినీ నిద్రలో వదల్లేదు. ఆమెకి దక్కింది లేచిపోవడం. చలం రాజేశ్వరి 1927లో 'మైదానం'లో ఇల్లు దాటినా, ఓల్గా అరుణ 'స్వేచ్ఛ'లో దాటినా, పాఠకులు ముందు వెతికింది వాళ్ళు ఎక్కడికి వెళ్ళారని కాదు, ఎవరి కోసం వెళ్ళారని.

కానీ అదే అమరావతిలో ఇంకోటి ఉంది. స్తూపానికి రాళ్ళు దానమిచ్చినవాళ్ళ పేర్లు ప్రాకృతంలో చెక్కారు. అందులో ఆడవాళ్ళు చాలామంది. కొందరు ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు. కొందరు మాత్రం ప్రవ్రజితలు. ప్రవ్రజ్య అంటే మతపరంగా సన్యాసం అని రాసేస్తాం గాని, మాటకి మాట చూస్తే బయలుదేరి వెళ్ళడం. ప్రవ్రజిత అంటే వెళ్ళినామె. సుమారు రెండు వేల ఏళ్ళ కింద, ఈ కృష్ణ ఒడ్డున, 'వెళ్ళినామె' అన్నది తిట్టు కాదు. రాతి మీద పేరు పక్కన చెక్కించుకునే మాట. ఆ సంఘాల్లో భిక్షుణుల మీద ఎన్ని ఆంక్షలుండేవో నాకు తెలుసు, దాన్ని స్వర్ణయుగం అనడం లేదు. ఆ మాట మాత్రం ఉండేది. మా నాయనమ్మ కాలానికి అది లేదు.

మధ్యలో ఇంకొక ప్రయత్నం జరిగింది. ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. వితంతువులూ, చదువుకోవాలనుకున్న ఆడపిల్లలూ ఇల్లు వదిలి వచ్చి ఉండగలిగిన చోటు. అంతకు ముందు ఇల్లు వదిలిన ఆడదానికి చేరే చోటు లేదు కాబట్టి ఆమె 'పోయేది'. చేరే చోటు ఒకటి ఏర్పడగానే "శారదా నికేతనానికి వెళ్ళింది" అన్న వాక్యం సాధ్యమైంది. నలభై ఏళ్ళ తర్వాత మా అత్తకి నర్సు ట్రైనింగు హాస్టలు అలాంటిదే. ఊరు ఆ వాక్యాన్ని అనలేదు, అది వేరే సంగతి.

ఇక్కడిదాకా రాసి, వెళ్ళడానికి తిరుగు దారి ఉంటుంది, పోవడానికి ఉండదు అని ఒక సూత్రం లాంటిది తయారు చేసుకున్నాను. కారంచేడు దానికి ఎదురు తిరిగిందని పైన ఒప్పుకున్నాను. అయినా సూత్రం మీద మమకారం పోలేదు. మిరప చేలల్లో అది పూర్తిగా చెడిపోయింది.

జనవరి నుంచి మార్చి దాకా మా వైపు మిరపకోతలు. ఒక్క ఊరి మనుషులు చాలరు. కర్నూలు పశ్చిమాన కోసిగి, మంత్రాలయం, కౌతాళం, ఆదోని నుంచి కుటుంబాలకి కుటుంబాలు వస్తాయి. చేలగట్ల మీద, కల్లాల పక్కన టార్పాలిన్ గుడారాలు వేసుకుంటారు. పిల్లలు కూడా వచ్చేస్తారు, అక్కడి బళ్ళు ఖాళీ. పత్తి తీతకీ ఇలాగే వస్తారు. కాయ కోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వంగిన నడుం లేవదు, వేళ్ళు మండుతుంటాయి, ఆ వేళ్ళతోనే పాలిచ్చే బిడ్డని ఎత్తుకోవాలి. అక్కడ ఎండిన కాయ టిక్కీల్లోకెక్కి గుంటూరు యార్డుకి వెళ్తుంది. పత్రికల్లో వీళ్ళు 'వలస కూలీలు'. వాళ్ళు తమని తాము అలా అనుకోరు. "సుగ్గికి వచ్చినాం" అంటారు. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, పంట పండుగ. కరువు ప్రాంతం నుంచి బతకడానికి రావడానికి వాళ్ళ దగ్గరున్న మాట పండుగ పేరు. అందులో వెటకారం ఉందా అని ఒకామెని అడిగితే నా వైపు వింతగా చూసింది.

నిరుడు ఫిబ్రవరిలో మా పాత పొలం పక్క చేలో కోసిగి వైపు నుంచి వచ్చిన ఒకామెతో మధ్యాహ్నం అన్నాల వేళ కూర్చున్నాను. నలభై ఏళ్ళుంటాయి. పెళ్ళయినప్పటి నుంచీ ఏటా వస్తోందట. ఈసారి ఆమె మొగుడు రాలేదు, మోకాళ్ళ నొప్పి. ఆమే ఇద్దరు కూతుళ్ళనీ ఇంకో నాలుగు కుటుంబాలనీ వెంటబెట్టుకుని, మేస్త్రీతో కూలి మాట్లాడుకుని, బండి ఎక్కించి తీసుకొచ్చింది. తీసుకొచ్చింది. ఎవరూ ఆమెని పంపలేదు, దించలేదు.

"మళ్ళీ ఎప్పుడు?" అన్నాను.

"ఉగాదికి ఊరికి పోతాం. మళ్ళీ యాడాది సుగ్గికి పోతాం."

ఇంటికీ పోవడమే, పనికీ పోవడమే. నేను లేచి చీర దులుపుకున్నాను. "యాడికి పోతావమ్మా?" అంది. గుంటూరు వెళ్ళాలన్నాను. ఆమె కంచం కడుక్కుంటూ తల ఊపింది.

"పోయి రా."